పోలిష్‌లో ‘వెయ్యి’కి పది రూపాలు ఎందుకు?

1990ల మొదట్లో పోలండ్‌లో ధరలు ఎంతగా మండిపోయాయంటే, నెల జీతాలు మిలియన్లలోకి వెళ్లిపోయాయి. 1991లో పది లక్షల జ్లోటీల నోటు తెచ్చారు. దాని మీద నోబెల్ అందుకున్న నవలా రచయిత రేమొంత్ బొమ్మ ఉండేది. మరుసటి ఏడు ఇరవై లక్షల నోటు వచ్చింది. దాని మీద పియానో విద్వాంసుడు, ఒకప్పటి ప్రధాని పదెరెవ్‌స్కి. చివరికి 1995 జనవరి 1న నాలుగు సున్నాలు కొట్టేసి, పదివేల పాత జ్లోటీలకు ఒక కొత్త జ్లోటీ అని లెక్క మార్చారు. ఆర్థిక చరిత్ర చదివేవాళ్లకు అదొక చేదు అధ్యాయం. భాష నేర్చుకునేవాళ్లకు మాత్రం ఆ పాత నోట్లకు మించిన వ్యాకరణ పాఠం దొరకదు.

వెయ్యి జ్లోటీల నోటు మీద కోపర్నికస్ ఉంటాడు. కింద అక్షరాల్లో ‘తిశొంత్స్ జ్వొతిహ్’ అని ఉంటుంది. రెండు వేల నోటు మీద పోలండ్ తొలి పాలకుడు మ్యెష్కొ ఉంటాడు. అక్షరాల్లో ‘ద్వా తిశొంత్సె జ్వొతిహ్’. ఐదు వేల నోటు మీద సంగీతకారుడు షోపాన్. అక్షరాల్లో ‘ప్యెంచ్ తిశెంత్సి జ్వొతిహ్’. మూడు నోట్లు, మూడింటిలోనూ ‘వెయ్యి’ అనే మాటే, కానీ మూడు చోట్లా వేర్వేరు రూపం: తిశొంత్స్, తిశొంత్సె, తిశెంత్సి. మిలియన్ సంగతీ అంతే. రేమొంత్ నోటు మీద ‘మిల్యొన్’, పదెరెవ్‌స్కి నోటు మీద ‘ద్వా మిల్యొని’. ఐదు మిలియన్ల నోటు చలామణిలోకి రాలేదు గానీ, వచ్చి ఉంటే దాని మీద ‘ప్యెంచ్ మిల్యొనుఫ్’ అని అచ్చయ్యేది.

ఇంకోటి కూడా గమనించండి. వెయ్యి, మిలియన్ ఇన్ని రకాలుగా మారుతున్నా పక్కనున్న ‘జ్వొతిహ్’ మాత్రం అన్ని నోట్ల మీదా ఒకేలా ఉంది. అసలు కీలకం ఈ కదలని మాటలోనే ఉంది.

ముందు ఉచ్చారణ గురించి రెండు ముక్కలు. మన పత్రికలు జ్లోటీ అని రాస్తాయి. పోలిష్ వాళ్లు పలికేది దాదాపు ‘జ్వొతి’ అని. అక్కడ అడ్డగీత ఉన్న ‘ఎల్’ అక్షరం ‘వ’లా వినిపిస్తుంది. ‘తిశొంత్స్’లో చివరి ‘త్స్’ మనకు కొత్తేమీ కాదు, ‘చాప’, ‘చలి’ అనేటప్పుడు వచ్చే దంత్య చకారమే. పోలిష్ పదాలను ఇక్కడ వీలైనంత దగ్గరగా తెలుగు లిపిలో రాస్తున్నాను. కరెన్సీని మాత్రం తెలుగు వాక్యాల్లో మనకు అలవాటైన జ్లోటీ అనే అంటాను.

పోలిష్‌లో విభక్తులు ఏడు. ప్రతి నామవాచకానికీ ఏకవచనంలో ఏడు, బహువచనంలో ఏడు గడులు ఉంటాయి. కొన్ని గడుల్లో ఒకే రూపం రెండు సార్లు వస్తుంది కాబట్టి ‘వెయ్యి’కి పద్నాలుగు గడుల్లో పది వేర్వేరు రూపాలు మిగులుతాయి. ఏకవచనంలో తిశొంత్స్, తిశొంత్సా, తిశొంత్సొవి, తిశొంత్సెమ్, తిశొంత్సు. బహువచనంలో తిశొంత్సె, తిశెంత్సి, తిశొంత్సొమ్, తిశొంత్సామి, తిశొంత్సాహ్. మిలియన్‌కీ సరిగ్గా పదే. పోలండ్‌లో చదువుకోవడానికి వెళ్లే మన పిల్లలు ఈ పట్టిక చూసి టెన్షన్ పడి, బట్టీ పట్టడం మొదలెడతారు. బట్టీ పట్టినా వాక్యంలో తప్పు పోతుంది. ఎందుకంటే ఇబ్బంది రూపాలతో కాదు, ఎప్పుడు ఏ రూపం వాడాలన్న దానితో. దానికి పట్టికలో జవాబు లేదు.

నా దృష్టిలో జవాబు ఒక్కటే. పోలిష్‌లో ‘వెయ్యి’, ‘మిలియన్’ అనేవి ప్రవర్తనలో సంఖ్యలు కావు, నామవాచకాలు. బస్తా, డజను, గుంపు లాంటి మాటలు. ‘వెయ్యి జ్లోటీలు’ అనడానికి వాళ్ల వాక్య నిర్మాణం ‘జ్లోటీల యొక్క ఒక వెయ్యి’ అన్నట్టు ఉంటుంది. అందుకే జ్వొతిహ్ ఎక్కడా కదలదు. అది షష్ఠీ బహువచనం, ‘జ్లోటీల’ అని అర్థం. వెయ్యి పక్కన ఉన్నంతవరకూ దానికి అదే రూపం.

చిన్న సంఖ్యలు ఇలా ఉండవు. ‘ఒకటి’ పూర్తిగా విశేషణమే. లింగం బట్టి యెదెన్, యెద్నా, యెద్నొ అని మారుతుంది. ఒక జ్లోటీ అంటే ‘యెదెన్ జ్వొతి’. రెండు కూడా చాలావరకూ విశేషణం లాంటిదే: రెండు జ్లోటీలు ‘ద్వా జ్వొతె’, రెండు రాత్రులు ‘ద్వ్యె నొత్సె’. రాత్రి స్త్రీలింగం కాబట్టి ద్వా కాస్తా ద్వ్యె అయింది. మూడు, నాలుగు కూడా ఇదే దారిలో నడుస్తాయి, లెక్కించే మాట ప్రథమా బహువచనంలోనే ఉంటుంది. ఐదుకి వచ్చేసరికి సీను మారిపోతుంది. ‘ప్యెంచ్ జ్వొతిహ్’. జ్లోటీ షష్ఠిలోకి వెళ్లిపోయింది. అంటే ‘జ్లోటీల ఐదు’.

దీనికి కారణం చరిత్రలో ఉంది. ప్రాచీన స్లావిక్ భాషలో ఒకటి నుంచి నాలుగు దాకా విశేషణాలు. ఐదు నుంచి మాత్రం నామవాచకాలు. ‘ఐదు’ అంటే అప్పట్లో స్త్రీలింగ నామం, ఐదింటి సమూహం అన్నమాట. సమూహం పక్కన వచ్చేది షష్ఠిలో ఉండటం సహజం. వెయ్యి సంవత్సరాలు గడిచినా ఆ షష్ఠి పోలేదు.

ఇప్పుడు ఈ నియమాన్ని వెయ్యి మీద పెట్టి చూడండి. వెయ్యి నామవాచకం కదా, కాబట్టి దాన్నీ లెక్కపెట్టవచ్చు. జ్లోటీలను ఎలా లెక్కిస్తామో వేలనూ అలాగే లెక్కిస్తాం. రెండు, మూడు, నాలుగు అయితే ప్రథమా బహువచనం, తిశొంత్సె. ఐదు నుంచి షష్ఠీ బహువచనం, తిశెంత్సి. షోపాన్ నోటు మీద ఉన్న రూపం అందుకే. ‘ప్యెంచ్ తిశెంత్సి జ్వొతిహ్’ని విడదీస్తే ‘జ్లోటీల వేల ఐదు’ అని వస్తుంది. ఒకదాని మీద ఒకటిగా రెండు షష్ఠులు. ఐదు వల్ల వెయ్యికి షష్ఠి, వెయ్యి వల్ల జ్లోటీకి షష్ఠి.

ఇరవై రెండు వేలకు ఏది? చివరి అంకె రెండు కాబట్టి మళ్లీ తిశొంత్సె. పన్నెండు వేలకు మాత్రం తిశెంత్సి, ఎందుకంటే పన్నెండు, పదమూడు, పద్నాలుగు ఐదు వర్గంలోకే వస్తాయి. మేరీ క్యూరీ బొమ్మ ఉన్న ఇరవై వేల నోటు మీద ‘ద్వాజెశ్చా తిశెంత్సి’ అని ఉంటుంది. రష్యన్ తెలిసినవాళ్లు తడబడేది ఇరవై ఒక వేల దగ్గర. రష్యన్‌లో చివర ఒకటి ఉంటే ఏకవచనం. పోలిష్‌లో అలా కాదు. ‘ద్వాజెశ్చా యెదెన్ తిశెంత్సి’, షష్ఠీ బహువచనమే. పెద్ద సంఖ్య చివర వచ్చే యెదెన్ లింగానికీ విభక్తికీ లొంగకుండా కట్టెలా నిలబడిపోతుంది.

తిశొంత్సెలో ఉన్న ‘ఒ’ తిశెంత్సిలో ‘ఎ’ ఎందుకయింది అనే సందేహం రావచ్చు. పోలిష్‌లో ముక్కుతో పలికే అచ్చులు రెండున్నాయి, అవి కొన్ని చోట్ల ఒకదాని స్థానంలో ఒకటి వస్తుంటాయి. నెల, డబ్బు, కుందేలు అనే మాటలకూ షష్ఠీ బహువచనంలో ఇదే మార్పు. నెల అంటే ‘మ్యెశొంత్స్’, ఐదు నెలలు ‘ప్యెంచ్ మ్యెశెంత్సి’. నెలలతో చేసిన సాధన వేలకూ పనికొస్తుంది. మిలియన్‌లో ఇలాంటి మార్పు లేదు, అది లాటిన్ వైపు నుంచి వచ్చిన మాట, బుద్ధిగా చివర ప్రత్యయం తగిలించుకుంటుంది.

అసలు మలుపు ‘తో’ దగ్గర

ఇంతవరకూ చెప్పినదంతా ప్రథమా విభక్తిలో. వాక్యం ఇంకో విభక్తి అడిగినప్పుడే సంఖ్యల అసలు స్వభావం బయటపడుతుంది. ‘తో’ అర్థాన్నిచ్చే తృతీయ తీసుకుందాం.

ఐదు జ్లోటీలతో: ‘స్ ప్యెంచొమా జ్వొతిమి’. ఐదుకీ తృతీయే, జ్లోటీకీ తృతీయే. ఇందాకటి షష్ఠి మాయమైపోయింది. వంద జ్లోటీలతో: ‘జె స్తు జ్వొతిమి’. ఇక్కడా జ్లోటీ తృతీయలోనే ఉంది. వెయ్యి జ్లోటీలతో: ‘స్ తిశొంత్సెమ్ జ్వొతిహ్’. ఇక్కడ మాత్రం వెయ్యి తృతీయలోకి మారింది, జ్లోటీ షష్ఠిలోనే ఉండిపోయింది. ఐదు వేల జ్లోటీలతో: ‘స్ ప్యెంచొమా తిశొంత్సామి జ్వొతిహ్’.

ఆ చివరి దాన్ని కాస్త నిదానంగా చూడాలి. ప్రథమలో రెండు షష్ఠులు ఉండేవి. తృతీయలోకి రాగానే ఒకటి పోయింది, ఒకటి మిగిలింది. ఐదు వల్ల వెయ్యికి వచ్చిన షష్ఠి పోయింది, తిశెంత్సి కాస్తా తిశొంత్సామి అయింది. వెయ్యి వల్ల జ్లోటీకి వచ్చిన షష్ఠి అలాగే నిలిచింది. ఎందుకంటే ‘ఐదు’ అనే మాట శతాబ్దాల పాటు అరిగి అరిగి సగం విశేషణం అయిపోయింది. ప్రథమ, ద్వితీయల్లో మాత్రమే పాత నామవాచకపు పట్టు చూపిస్తుంది, మిగతా విభక్తుల్లో పక్క మాటతో కలిసి నడుస్తుంది. వెయ్యి ఇంకా నామవాచకమే. ఏ విభక్తిలోనైనా తన పక్కనున్న దాన్ని షష్ఠిలోనే నిలబెడుతుంది.

మన భాష పక్కన పెట్టి చూస్తే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. మనం ‘ఐదు వేలు రూపాయలతో’ అనం, ‘ఐదు వేల రూపాయలతో’ అంటాం. ‘వేలు’ కాస్తా ‘వేల’ అయింది, ‘కోట్లు’ కాస్తా ‘కోట్ల’ అవుతుంది. అది షష్ఠికి వాడే రూపమే. అంటే తెలుగులో పెద్ద సంఖ్యే షష్ఠిలోకి వెళ్తుంది, ‘తో’, ‘కి’, ‘లో’ అన్నీ రూపాయల మీద పడతాయి. పోలిష్‌లో సరిగ్గా తిరగేసి ఉంది. విభక్తి భారమంతా వెయ్యి మోస్తుంది, షష్ఠి జ్లోటీకి వెళ్తుంది. పోలిష్ వాక్యాన్ని మనసులో ‘జ్లోటీల ఐదు వేలతో’ అని పెట్టుకుంటే తప్పు పోదు. ‘రూపాయలు ఒక ఐదు వేలతో సరిపెట్టు’ అని మాట్లాడేటప్పుడు మన ‘తో’ కూడా వేల మీదకే వస్తుంది, ఆ వరస దీనికి దగ్గర.

ఇంకో పోలిక కూడా ఉంది, ఇది నాకు చాలా ఇష్టమైనది. మనం ఐదు పుస్తకాలు అంటాం గానీ ఐదు విద్యార్థులు అనం, ఐదుగురు అంటాం. పోలిష్‌లోనూ మగవాళ్లను లెక్కించేటప్పుడు సంఖ్య మారుతుంది. ఐదుగురు విద్యార్థులంటే ‘ప్యెంచు స్తుదెంతుఫ్’, ప్యెంచ్ కాదు. విద్యార్థినులైతే మామూలు ప్యెంచే. వంద మంది విద్యార్థులు ‘స్తు’, ఐదు వందల మంది ‘ప్యెంచుసెత్’. ఇలా తొమ్మిది వందల తొంభై తొమ్మిది దాకా మనుషుల రూపం నడుస్తుంది. వెయ్యికి చేరగానే ఆగిపోతుంది: ‘తిశొంత్స్ స్తుదెంతుఫ్’. ఐదు వేల మంది అయినా ‘ప్యెంచ్ తిశెంత్సి స్తుదెంతుఫ్’ అనాలి, ప్యెంచు అంటే ప్రథమలో తప్పు. ఎందుకంటే ఇక్కడ ఐదు లెక్కిస్తున్నది విద్యార్థులను కాదు, వేలను. ‘వెయ్యి’ మనిషి కాదు. మన దగ్గరా అంతే కదా, ఐదుగురు అన్నవాళ్లమే ‘ఐదుగురు వేలు’ అనం, ‘ఐదు వేల మంది’ అంటాం.

పెద్ద సంఖ్య చివర చిన్న సంఖ్య తగిలితే లెక్కించే మాట ఆ చివరి సంఖ్య మాటే వింటుంది. వెయ్యి జ్లోటీలతో అంటే జ్వొతిహ్. వెయ్యిన్నీ ఐదు జ్లోటీలతో అంటే ‘స్ తిశొంత్సెమ్ ప్యెంచొమా జ్వొతిమి’, మళ్లీ తృతీయ. వెయ్యిన్నీ రెండు జ్లోటీలు అంటే ‘తిశొంత్స్ ద్వా జ్వొతె’. వెయ్యిన్నీ ఐదుగురు విద్యార్థులు అనేటప్పుడు కూడా చివరి ఐదు కాస్తా ప్యెంచు అయిపోతుంది.

వంద ఎప్పుడు నామవాచకం కాకుండా పోయింది?

1978లో గ్రెవిల్ కార్బెట్ అనే భాషావేత్త స్లావిక్ భాషలతో పాటు మరికొన్ని భాషలను పరిశీలించి ఒక సూత్రం చెప్పాడు. ఏ భాషలోనైనా సంఖ్యలు పెరిగేకొద్దీ విశేషణ స్వభావం తగ్గి నామవాచక స్వభావం పెరుగుతుంది, ఆ వరస తిరగబడదు అని. ఒకటి విశేషణంలా, మిలియన్ నామవాచకంలా ఉండొచ్చు గానీ, ఒకటి నామవాచకంగా ఉండి మిలియన్ విశేషణంగా ఉండే భాష కనబడదు. పోలిష్ ఈ సూత్రానికి చక్కని ఉదాహరణ. ఒకటి, రెండు నుంచి నాలుగు, ఐదు నుంచి వందలు, వెయ్యి, మిలియన్, ఒక్కో మెట్టు దగ్గరా ఒక్కో విశేషణ లక్షణం రాలిపోతుంది.

ఈ మెట్ల మధ్య గీతలు కదులుతుంటాయి కూడా. వంద, అంటే ‘స్తొ’, ఒకప్పుడు వెయ్యి లాగే పూర్తి నామవాచకం, నపుంసక లింగం. ఆ రోజుల గుర్తులు ఇప్పటికీ వందల పేర్లలో శిలాజాల్లా ఉన్నాయి. రెండు వందలు ‘ద్వ్యెశ్చె’. ఇది పాత స్లావిక్‌లో ఉండి, పోలిష్‌లో తర్వాత అంతరించిపోయిన ద్వివచన రూపం. సంస్కృతంలో మనం చదువుకున్న ఏకవచనం, ద్వివచనం, బహువచనం పద్ధతే. మూడు వందలు ‘త్షిస్తా’, నాలుగు వందలు ‘చ్తెరిస్తా’, వీటిలో ‘స్తా’ ప్రథమా బహువచనం. ఐదు వందలు ‘ప్యెంచ్‌సెత్’, ఇందులో ‘సెత్’ షష్ఠీ బహువచనం, ‘వందల ఐదు’ అని. అంటే ఐదు వేలు ఇవాళ ఏ సూత్రంతో నడుస్తోందో ఐదు వందలూ ఒకప్పుడు అదే సూత్రంతో నడిచేది. తర్వాత ఆ రెండు మాటలూ అతుక్కుపోయి ఒకే మాట అయ్యాయి, వంద తన నామవాచక హోదా పోగొట్టుకుంది.

వెయ్యి కూడా అదే దారిలో ఉందా? కొన్ని సూచనలు కనబడుతున్నాయి. క్రియ దగ్గర చూడండి. ‘ఐదు వేల మంది ఉన్నారు’ అనేటప్పుడు పోలిష్ క్రియ నపుంసక ఏకవచనంలో ఉంటుంది, భూతకాలంలో ‘బివొ’. ఐదు లాంటి సంఖ్యలకు అది మామూలే. కానీ ఒక్క ‘వెయ్యి మంది’ అన్నా క్రియ బివొ అనే ఉంటుంది. వెయ్యి పుంలింగ నామవాచకం కాబట్టి న్యాయంగా పుంలింగ క్రియ ‘బివ్’ రావాలి. రాదు. మిలియన్‌తో మాత్రం రెండు రకాలూ వింటాం. అంటే మిలియన్ ఇంకా గట్టి నామవాచకం, వెయ్యి కొద్దిగా కిందికి జారింది. కార్బెట్ చెప్పిన మెట్లు ఇక్కడా తప్పలేదు. అయినా వెయ్యికి ‘పూర్తి’, ‘మొదటి’, ‘ఈ’ లాంటి విశేషణాలు ఏకవచనంలోనే తగిలించవచ్చు. ‘మొదటి మిలియన్’ అని మనం అన్నట్టే వాళ్లూ అంటారు. ఐదుకి అలా ఏకవచన విశేషణం తగలదు.

అంకెలు దాచేసే విభక్తి

పుస్తకంలో ఈ కష్టం అంతగా తెలియదు, ఎందుకంటే పెద్ద సంఖ్యలను అక్షరాల్లో రాసేవాళ్లు తక్కువ. పోలిష్ పత్రికలు 5 పక్కన వెయ్యికి పొట్టి రూపం రాస్తాయి. వెయ్యికి టి, వై, ఎస్ రాసి చుక్క పెడతారు. మిలియన్‌కి ఎం, ఎల్, ఎన్. ‘మిల్యార్ద్’కి, అంటే వంద కోట్లకి, ఎం, ఎల్, డి. ఈ రెండింటికీ చుక్క ఉండదు. పోలిష్ నియమం ప్రకారం పొట్టి రూపం అసలు మాట చివరి అక్షరంతోనే ముగిస్తే చుక్క అక్కర్లేదు, మధ్యలో నరికేస్తేనే కావాలి. కళ్లకు ఇదంతా హాయిగా ఉంటుంది. నోరు విప్పి చదవాల్సి వచ్చినప్పుడే చిక్కు.

‘ఒ 5 వేలు’ అని రాసి ఉందనుకోండి. ఆ ‘ఒ’ అనే విభక్త్యర్థకానికి రెండు పనులున్నాయి. ‘జనాభా ఐదు వేలు పెరిగింది’ అనే వాక్యంలో అయితే అది ద్వితీయ కోరుతుంది: ‘ఒ ప్యెంచ్ తిశెంత్సి’. ‘ఐదు వేల మంది గురించి’ అయితే సప్తమి లాంటి విభక్తి కోరుతుంది: ‘ఒ ప్యెంచు తిశొంత్సాహ్’. కాగితం మీద రెండూ ఒకటే, అచ్చు తేడా లేదు. వార్తలు చదివే మనిషి వాక్యం మొత్తం ముందే చూసుకుని, క్రియ ఏమిటో గ్రహించి, అప్పుడు నోరు తెరవాలి. ‘ఐదు వేల దాకా’ అంటే ‘దొ ప్యెంచు తిశెంత్సి’. ‘ఐదు వేల మంది పుణ్యమా అని’ అంటే ‘జెంకి ప్యెంచు తిశొంత్సొమ్’. 5 అంకె మాత్రం అన్ని చోట్లా 5 లాగే ఉంటుంది.

రెండు వేల మూడు వందల నలభై ఐదు లాంటి పొడుగు సంఖ్య తృతీయలో చెప్పాలంటే ముక్కముక్కకీ ప్రత్యయం మార్చాలి. పుట్టి పెరిగిన పోలిష్ వాళ్లకే అది భారం. అందుకే ప్రామాణిక వ్యాకరణం ఒక వెసులుబాటు ఇస్తుంది: చివరి పదులు, ఒకట్లు మాత్రం మార్చి, ముందున్న వేలు, వందలను ప్రథమలోనే వదిలేయవచ్చు. అంతా మార్చి చెప్తే పండితుడి మాట, చివరివి మార్చి చెప్తే మామూలు మనిషి మాట. రెండూ ఒప్పే.

సంవత్సరాల దగ్గర ఈ వెసులుబాటు ఏకంగా నియమమే అయింది. పోలండ్ యూరోపియన్ యూనియన్‌లో చేరింది 2004లో. ‘2004లో’ అనడానికి ‘వ్ ద్వా తిశొంత్సె చ్ఫార్తిమ్ రొకు’ అంటారు. ‘నాలుగవ’, ‘సంవత్సరంలో’ అనే మాటలకు విభక్తి పడింది, రెండు వేలు మాత్రం కదలకుండా ప్రథమలోనే ఉంది. కానీ 2000లో అనాలంటే చివర వేరే అంకె లేదు కాబట్టి ‘రెండువేలవ సంవత్సరంలో’ అని వెయ్యి నుంచే విశేషణం పుట్టించాలి: ‘వ్ రొకు ద్వుతిశెంచ్‌నిమ్’. 2000 సంవత్సరమంతా నోట్లో నానిన ఈ రూపం తర్వాతి ఏళ్లకూ అంటుకుంది. 2004ను కూడా ‘ద్వుతిశెంచ్‌నిమ్ చ్ఫార్తిమ్’ అనేవాళ్లు చాలామంది ఉన్నారు. భాషా సలహాదారులు దాన్ని తప్పంటూ ఇప్పటికీ సరిదిద్దుతూనే ఉంటారు. తెలుగులో మనం ‘రెండువేల నాలుగో సంవత్సరం’ అంటాం గానీ ‘రెండువేలవ నాలుగో సంవత్సరం’ అనం, కాబట్టి ఇది మనవాళ్లు తప్పు పోయే అవకాశం తక్కువున్న చోటు.

వెయ్యికి షష్ఠీ ఏకవచనం కూడా ఉంది, ‘తిశొంత్సా’. లెక్కల్లో ఇది ఎక్కడొస్తుందా అనిపిస్తుంది. అరేబియన్ నైట్స్‌కి పోలిష్‌లో బాగా తెలిసిన పేరు ‘బాశ్న్యె స్ తిశొంత్సా ఇ యెద్నెయ్ నొత్సి’, అంటే వెయ్యిన్నొక్క రాత్రుల కథలు. అందులో ఉన్నది ఈ రూపమే. కానీ రోజువారీ బతుకులో దీని అసలు స్థానం సగాలు, భిన్నాల దగ్గర. అర మిలియన్ అంటే ‘పూవ్ మిల్యొనా’, ఒకటిన్నర మిలియన్ ‘పూవ్‌తొరా మిల్యొనా’, రెండున్నర వేలు ‘ద్వా ఇ పూవ్ తిశొంత్సా’. అన్నీ షష్ఠీ ఏకవచనాలే. వార్సా జనాభా పద్దెనిమిది లక్షల పైచిలుకు. దాన్ని 1.8 మిలియన్ అని రాస్తే (పోలిష్‌లో చుక్కకు బదులు కామా పెడతారు) ‘మిల్యొనా’ అని చదవాలి, ఎందుకంటే అది ‘మిలియన్ యొక్క ఒకటిన్నీ ఎనిమిది పదో వంతులు’. అదే సంఖ్యను పూర్తి సంఖ్యగా చదివితే ‘మిల్యొన్ ఒశెమ్‌సెత్ తిశెంత్సి’ అవుతుంది. విలువ ఒకటే, రాసే తీరు మారితే విభక్తి, వచనం కూడా మారిపోతాయి.

అనువాదకులు జాగ్రత్తపడాల్సింది ఇంకోటుంది. పోలిష్ ‘బిల్యొన్’ మనకు అలవాటైన ఇంగ్లిష్ బిలియన్ కాదు. ఇంగ్లిష్ బిలియన్, అంటే వంద కోట్లు, పోలిష్‌లో ‘మిల్యార్ద్’. పోలిష్ బిల్యొన్ అంటే లక్ష కోట్లు, ఇంగ్లిష్ ట్రిలియన్. పోలిష్ ‘త్రిల్యొన్’ ఇంకా పది లక్షల రెట్లు ఎక్కువ. బడ్జెట్ వార్త అనువదిస్తూ ఇది మర్చిపోతే లెక్క వెయ్యి రెట్లు తేడా కొడుతుంది. విభక్తుల విషయంలో మాత్రం ఇవన్నీ మిలియన్ బాటే: ద్వా మిల్యార్ది, ప్యెంచ్ మిల్యార్దుఫ్.

వాడుక మాటలు కూడా ఇదే చట్టానికి లోబడతాయి. మిలియన్‌కి వీధి భాషలో ‘బాయ్న్‌కా’ అంటారు, బుడగ అని అర్థం. అది స్త్రీలింగం కాబట్టి రెండు మిలియన్లకు ద్వా పోయి ద్వ్యె వస్తుంది, ఐదింటికి ‘ప్యెంచ్ బాన్యెక్’ అని షష్ఠి వస్తుంది. వ్యాకరణ పుస్తకం ముఖం చూడని వాడి నోట్లో కూడా ఈ షష్ఠి తప్పదు.

సాఫ్ట్‌వేర్ అనువాదాల్లో పనిచేసే తెలుగువాళ్లకు ఇది నేరుగా తగిలే విషయం. ప్రోగ్రాముల్లో బహువచనాలను చూసుకునే గ్నూ గెట్‌టెక్స్ట్ అనే సాధనం ఉంది. దాని మాన్యువల్‌లో బహువచనాల గురించి వివరించడానికి ఎంచుకున్న భాష పోలిష్, మాట ‘ప్లిక్’, అంటే ఫైలు. ఒకటికి ప్లిక్, రెండు నుంచి నాలుగు దాకా ప్లికి, ఐదు నుంచి ఇరవై ఒకటి దాకా ప్లికుఫ్, ఇరవై రెండుకి మళ్లీ ప్లికి. యూనికోడ్ వాళ్లు ప్రపంచ భాషలన్నిటికీ తయారుచేసిన నియమావళిలో తెలుగుకి రెండే గడులు: ఒకటి, మిగతావి. పోలిష్‌కి నాలుగు. నాలుగోది భిన్నాల కోసం, ఒకటిన్నర ఫైలు అయితే షష్ఠీ ఏకవచనం ‘ప్లికు’. రెండు గడుల భాషకు అలవాటుపడి తయారుచేసిన యాప్‌ను పోలిష్‌లోకి తెస్తే, ‘మీకు 22 సందేశాలు’ అనే చోట ఐదుకి వాడాల్సిన రూపం కనబడుతుంది. ఇక ఆ యాప్ ‘22 వేల వీక్షణలతో’ లాంటి వాక్యాన్ని ముక్కలుగా అతికించి తయారుచేస్తే ఆ నాలుగు గడులు కూడా చాలవు, ఎందుకంటే అవి వచనం సంగతి చూస్తాయి గానీ విభక్తి సంగతి చూడవు. అలాంటప్పుడు వాక్యాన్నే మార్చి, సంఖ్యను ప్రథమలో నిలబడే చోటికి జరపాలి: ‘వీక్షణలు: 22 వేలు’.